‘ఏం పని చేస్తావమ్మా?’ అని అడిగే డాక్టరు కావాలి

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సెక్కితే శిరివెళ్ల దాటినా రెండు పక్కలా పొలాలే. కేసీ కాలువ నీళ్లు, నల్లరేగడి భూములు, తూర్పున నల్లమల కొండలు. ఈ దారి పచ్చగా ఉంటుందని చూసినవాళ్లంతా అంటారు. ఇరవై, పాతికేళ్ల కిందట ఈ దారిలో వానాకాలం చివర పోయినవాళ్లకు ఇంకోటి కూడా కనిపించేది. నడుము ఎత్తు పత్తి చెట్ల మధ్య వరసలుగా నిలబడి పూలు గిల్లుతున్న ఆడపిల్లలు. పదేళ్లవాళ్లు, పన్నెండేళ్లవాళ్లు. దాన్ని మేమంతా ‘క్రాసింగు పని’ అనేవాళ్లం.

సీడు పత్తి గురించి తెలియనివాళ్లకు రెండు మాటలు చెప్పాలి. మామూలు పత్తి చేనుకు, సీడు పత్తి చేనుకు చాలా తేడా ఉంది. పత్తి పువ్వులో ఆడ భాగం, మగ భాగం రెండూ ఉంటాయి. హైబ్రిడ్ విత్తనం కావాలంటే సాయంత్రం పూట, మరుసటి రోజు విచ్చుకోబోయే మొగ్గ చూసుకుని, రేకలు ఒలిచి లోపలి మగ భాగాన్ని గిల్లేయాలి. పొద్దున్నే వేరే వరసలోని మగ చెట్టు పువ్వు తెంచుకొచ్చి ఆ పుప్పొడిని దీనికి అద్దాలి. ప్రతి పువ్వుకూ చేత్తోనే. ఒక ఎకరానికి రోజూ పది మందికి తక్కువ కాకుండా కూలీలు కావాలి. ఇది ఒక రోజుతోనో ఒక వారంతోనో తీరదు. రెండున్నర, మూడు నెలల పని. 1970లో గుజరాత్‌లో ‘హెచ్-4’ అనే పత్తి హైబ్రిడ్ వచ్చింది. వ్యాపారానికి పనికొచ్చిన హైబ్రిడ్ పత్తి ప్రపంచంలో అదే మొదటిది. అప్పటినుంచీ ఈ పని ఇట్లాగే చేతుల మీద నడుస్తోంది.

తొంభైల్లో నాకు టీచరుగా ఉద్యోగం వచ్చి ఆళ్లగడ్డ వైపు ఒక పల్లెలో చేరాను. జూన్‌లో క్లాసు నిండా పిల్లలు ఉండేవాళ్లు. ఆగస్టు దాటిందంటే అటెండెన్సు రిజిస్టరులో ఆడపిల్లల పేర్ల ఎదురుగా ‘ఆ’లు మొదలయ్యేవి. సెప్టెంబరు, అక్టోబరు, నవంబరు అంతా అదే వరస. సంక్రాంతికి అటూ ఇటూగా కొందరు తిరిగొచ్చేవాళ్లు. వచ్చినవాళ్లు మునుపటి పిల్లల్లా ఉండేవాళ్లు కాదు. తలనొప్పి అనేవాళ్లు, కళ్లు మంటలు అనేవాళ్లు, కూర్చున్నచోటే కునికేవాళ్లు. ఇంటికి పోయి అడిగితే ఒక తల్లి నాతో అన్న మాట ఇప్పటికీ చెవిలో ఉంది.

“అడ్వాన్సు తీసుకున్యాం మేడమ్. పంట అయ్యేదాకా పంపియ్యాల్సిందే. పాపకు బాగలేదని నాకు తెలీదా?”

రిజిస్టరులో ఆ పిల్ల ‘గైర్హాజరు’. ఆర్ఎంపీ దగ్గరకు తీసుకుపోతే ‘నీరసం’, సూది వేసి పంపిస్తాడు. అడ్వాన్సు సంగతి, మందు కొట్టిన చేను సంగతి ఆ రెండు మాటల్లో ఎక్కడా పడలేదు.

ఆ సంగతులను లెక్కకట్టి కాగితం మీద పెట్టిన మనిషి హైదరాబాదులో ఉన్నారు. ఆయన పేరు దావులూరి వెంకటేశ్వర్లు. గ్లోకల్ రీసెర్చ్ అనే సంస్థ తరఫున తొంభైల చివరి నుంచి ఆయన కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లాంటి సీడు పత్తి ప్రాంతాలు తిరిగారు. 2001లో, 2003లో వచ్చిన ఆయన నివేదికలు దేశం దాటి వెళ్లాయి. 2003 నాటిది నెదర్లాండ్స్‌లోని ఒక స్వచ్ఛంద సంస్థ కోసం రాసింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సీడు పత్తి చేలల్లో పనిచేసే పిల్లలు రెండు లక్షలకు పైనే అని ఆయన అంచనా వేశారు. అందులో ఎక్కువమంది ఆడపిల్లలు.

ఆయన పనిలో నాకు గొప్పగా తోచింది ఆ సంఖ్య కాదు, దాని వెనుక ఆయన అడిగిన ప్రశ్నలు. ‘ఆడపిల్లల వేళ్లు సన్నంగా ఉంటాయి, పువ్వు నలగదు, అందుకే వాళ్లను పెట్టుకుంటాం’ అని మా వైపు అందరూ చెప్పేవాళ్లు. వినడానికి నిజమే అనిపిస్తుంది. వెంకటేశ్వర్లు వేళ్ల సంగతి పక్కనపెట్టి కూలి ఎంత అని అడిగారు. పిల్లలకు ఇచ్చే కూలి ఆడవాళ్ల కూలి కన్నా దాదాపు 30 శాతం, మగవాళ్ల కూలి కన్నా దాదాపు 55 శాతం తక్కువని తేలింది. సీడు పత్తి ఖర్చులో ఇంచుమించు సగం కూలీలదే. ఇక ఆ సగంలో ఎవరిని పెట్టుకుంటే రైతుకు మిగులుతుందో చెప్పక్కర్లేదు.

అట్లా అని రైతును దోషిగా నిలబెట్టి ఆయన ఆగిపోలేదు. లూసియా డా కోర్టా అనే పరిశోధకురాలితో కలిసి 2005లో ఇంకో నివేదిక రాశారు. ‘ది ప్రైస్ ఆఫ్ చైల్డ్‌హుడ్’ దాని పేరు. కంపెనీ సీడు ఆర్గనైజరు ద్వారా రైతుకు ముందే రేటు కట్టేస్తుంది. ఆ రేటులో పెద్దవాళ్లకు పూర్తి కూలి ఇచ్చి చేయిస్తే రైతుకు గిట్టదు అని అందులో లెక్కలు వేసి చూపించారు. అంటే ఆళ్లగడ్డ పల్లెలో ఒక పిల్ల తలనొప్పికి, ఎక్కడో ఏసీ గదిలో రాసుకున్న కొనుగోలు రేటుకు లంకె ఉంది. చేలో నిలబడి చూస్తే పిల్ల కనిపిస్తుంది, రైతు కనిపిస్తాడు. రేటు కనిపించదు.

ఈ సంగతులన్నీ నాకు మళ్లీ గుర్తుకు రావడానికి కారణం మా అక్క కూతురు. కాలిఫోర్నియాలో పబ్లిక్ హెల్త్ చదువుతోంది. లాటినో కుటుంబాలు, వాళ్ల వలస, వాళ్ల ఆరోగ్యం ఆమె చదువులో పెద్ద భాగం. లాటినోలంటే మెక్సికో, గ్వాటెమాలా లాంటి దేశాల మూలాలున్నవాళ్లు. అమెరికా పొలాల్లో పండ్లు, కూరగాయలు కోసేవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. ఒకరోజు ఫోన్‌లో సాలినాస్ లోయ గురించి చెబుతూ ఉన్నట్టుండి అడిగింది.

“చిన్నమ్మా, నువ్వు చెప్పే క్రాసింగు పిల్లల కథ, ఇక్కడి కథ ఒకటే కదా?”

ఒకటేనా కాదా అని నేనూ చదవడం మొదలుపెట్టాను.

సాలినాస్ కాలిఫోర్నియాలో పెద్ద సేద్యపు లోయ. క్యాబేజీ లాంటి లెట్యూస్ ఆకుకూర, స్ట్రాబెర్రీలు విపరీతంగా పండుతాయి. బర్క్‌లీ విశ్వవిద్యాలయానికి చెందిన బ్రెండా ఎస్కెనాజీ బృందం అక్కడ 1999-2000లో 601 మంది గర్భిణులను చేర్చుకుని ఒక అధ్యయనం మొదలుపెట్టింది. ఎక్కువమంది మెక్సికో మూలాలున్న పొలం కూలీ కుటుంబాలవాళ్లు. ఆ అధ్యయనం పేరు ‘చమాకోస్’. మెక్సికోవాళ్ల వాడుకలో ఆ మాటకు అర్థం ‘పిల్లకాయలు’. తల్లి కడుపుతో ఉన్నప్పుడు ఆమె ఒంట్లోకి పోయిన ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందుల ఆనవాళ్లను కొలిచారు. పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించి చూశారు. అందరికన్నా ఎక్కువ మందు సోకిన తల్లుల పిల్లలకు, అందరికన్నా తక్కువ సోకినవాళ్ల పిల్లలకు ఏడేళ్ల వయసులో ఐక్యూలో 7 పాయింట్ల తేడా ఉందని 2011లో ప్రకటించారు.

ఒక టీచరుగా ఆ సంఖ్య దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ‘ఈ పిల్లకు చదువు ఎక్కదు’ అనే మాట మన స్టాఫు రూముల్లో ఎన్నిసార్లు వినపడుతుందో మీకు తెలుసు. అది ఆ పిల్ల పుట్టకముందే మొదలైన సంగతి కూడా కావచ్చని సాలినాస్ లెక్కలు చెబుతున్నాయి. ఈ మందుల జాతిలోదే క్లోరిపైరిఫాస్. మందుల అంగడికి పోయే మన రైతులకు బాగా తెలిసిన పేరే. కాలిఫోర్నియాలో 2020లో దాని వాడకానికి దాదాపు తెరదించారు.

రెండో కథ మోకాలిది. సేథ్ హోమ్స్ అనే ఆయన డాక్టరు, మానవశాస్త్రం కూడా చదివినవాడు. మెక్సికోలోని ఓహాకా కొండల నుంచి వచ్చే త్రికీ అనే ఆదివాసీలతో కలిసి ఉన్నాడు. వాళ్లతోపాటు సరిహద్దు దాటబోయి పట్టుబడ్డాడు. వాషింగ్టన్ రాష్ట్రంలో వాళ్లతో వంగి స్ట్రాబెర్రీలు కోశాడు. ఆ అనుభవంతో 2013లో ‘ఫ్రెష్ ఫ్రూట్, బ్రోకెన్ బాడీస్’ అనే పుస్తకం రాశాడు. ఆ పొలంలో ఒక మెట్ల వరస ఉంది. పైన యజమానులు, తర్వాత ఆఫీసువాళ్లు, తర్వాత మేస్త్రీలు, అన్నిటికన్నా కింద త్రికీలు. కింది మెట్టుకు పోయేకొద్దీ నడుము వంగుతుంది, కూలి తగ్గుతుంది, తిట్లు పెరుగుతాయి. ఆయన స్నేహితుడైన ఒక కూలీకి మోకాలు దెబ్బతింది. రకరకాల డాక్టర్లను చూశాడు. అందులో ఒకరు ఇతను సరిగ్గా వంగడం నేర్చుకోలేదని తేల్చారట! రోజంతా వంగక తప్పని పని, గంటకు ఇన్ని కిలోలు కోయకపోతే పోయే ఉద్యోగం, వీటి సంగతి కేసు షీటులో లేదు. తప్పు మోకాలిదే, మోకాలున్న మనిషిదే.

దీన్ని చదివినప్పుడు మా పిల్ల ‘నీరసం’ గుర్తుకొచ్చింది.

ఇంకో విచిత్రం ఉంది. అమెరికాకు వలస వచ్చిన లాటినోలు పేదవాళ్లు, ఇన్సూరెన్సు తక్కువ, చదువు తక్కువ. కాబట్టి ఆరోగ్యం అధ్వానంగా ఉండాలని అందరూ అనుకుంటారు. 1986లో మార్కిడెస్, కోరీల్ అనే ఇద్దరు పరిశోధకులు, చాలా విషయాల్లో వాళ్ల ఆరోగ్యం అనుకున్నంత చెడ్డగా లేదని చూపించారు. ఇది ఎందుకనేదాని మీద వాదనలు నేటికీ నడుస్తున్నాయి. ఒక కారణం మాత్రం మనకు సులభంగా అర్థమవుతుంది. దూరం పోయేది గట్టి ఒళ్లున్నవాళ్లే. ముసలివాళ్లు, జబ్బువాళ్లు ఊళ్లోనే ఉండిపోతారు. ఆ గట్టి ఒళ్లు ఏళ్లు గడిచేకొద్దీ కొత్త చోట అరిగిపోతుందని చాలా అధ్యయనాలు చెబుతున్నాయి. అంటే వలసే జబ్బు కాదు. వలస పోయినచోట మనిషిని ఏ మెట్టు మీద నిలబెట్టారన్నదాన్ని బట్టి జబ్బు ఉంటుంది.

అమెరికా దాకా ఎందుకు, మన దగ్గర లెక్కలు లేవా అంటారా? ఉన్నాయి. ఫ్రాన్సెస్కా మాన్సీనీ అనే పరిశోధకురాలు, మరికొందరు ఆంధ్రప్రదేశ్‌లోని మూడు పల్లెల్లో పత్తి సీజనంతా కనిపెట్టి చూసి 2005లో ఫలితాలు ప్రచురించారు. 50 మంది ఆడవాళ్లు తమకూ, తమ ఇంటి మగవాళ్లకూ మందు తగిలినప్పుడల్లా ఏమయిందో చెప్పారు. అట్లాంటి 323 సందర్భాల్లో దాదాపు 84 శాతం సార్లు ఒంట్లో ఏదో ఒక విషప్రభావం కనిపించింది. మందు కొట్టేది మగవాళ్లు కదా, ఆడవాళ్లకేం అంటాం. మందు కలపడం, ట్యాంకులో పోయడం ఆడవాళ్ల పని. అది కొట్టడమంత ప్రమాదమేనని తేలింది. పెద్ద రైతుల కన్నా చిన్న కమతాల పేద రైతులే తీవ్రమైన విషప్రభావానికి ఎక్కువగా గురయ్యారు. చాలా తీవ్రంగా బాధపడిన సందర్భాలూ ఉన్నాయి. అప్పుడు కూడా డాక్టరు దగ్గరకు పోయినవాళ్లు ఒక్కరూ లేరు.

ఒక్కరూ పోలేదంటే ఆసుపత్రి రికార్డుల్లో ఆ జబ్బు లేనట్టే. లేని జబ్బుకు మందు ఎవరు పంపుతారు?

లెక్కలు బయటికొచ్చాక కొంత మారిందని చెప్పాలి. నివేదికల తర్వాత పెద్ద విత్తన కంపెనీల మీద విదేశాల్లోనూ ఒత్తిడి వచ్చింది. పిల్లలను పెట్టుకోని రైతులకు బోనసు ఇస్తామని కొన్ని కంపెనీలు ముందుకొచ్చాయి. ఎండోసల్ఫాన్ మీద 2011లో సుప్రీంకోర్టు నిషేధం పెట్టింది. 2016లో బాలకార్మిక చట్టం సవరించి, 14 ఏళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. బడి అయ్యాక ఇంటివాళ్లకు సాయపడొచ్చు అనే సందు మాత్రం వదిలారు. మా బడిలో ‘ఆ’లు తగ్గడం నేను కళ్లారా చూశాను. కానీ అదే వెంకటేశ్వర్లు 2015లో ఇచ్చిన నివేదిక చూడండి. దేశం మొత్తం మీద సీడు పత్తి చేలల్లో 14 ఏళ్ల లోపువాళ్లు దాదాపు 2 లక్షలు, 14 నుంచి 18 మధ్యవాళ్లు దాదాపు 2.9 లక్షలు. ఒకచోట గట్టిగా అడిగితే పని ఇంకోచోటికి జరుగుతుంది. చిన్న పిల్లల స్థానంలో ఇంకాస్త పెద్ద పిల్లలు వస్తారు.

ఇక ఇప్పుడు మన వైపు వలస సంగతికి వద్దాం. కర్నూలు పడమటి మండలాల్లో ఆదోని, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు జనం పని లేని నెలల్లో మూటా ముల్లె కట్టుకుని పోతారు. దాన్ని ‘సుగ్గికి పోవడం’ అంటారు. గుంటూరు మిరప కోతలు, హైదరాబాదు, బెంగళూరు కట్టుబడి పనులు. పనిని బట్టి కొందరు నంద్యాల వైపు పొలాలకూ వస్తారు. కాలువ గట్టున పట్టలు కట్టుకుని ఉండే ఆ కుటుంబాలను మీరూ చూసే ఉంటారు. పసిబిడ్డ చీర ఉయ్యాలలో, తల్లి చేలో.

చట్టం వాళ్లను ఎట్లా చూస్తుందో గమనించండి. 1979లో వలస కార్మికుల చట్టం వచ్చింది. కానీ అది రాష్ట్రం దాటిపోయేవాళ్లకే. దాని స్థానంలో తెచ్చిన 2020 కోడ్‌లోనూ ఆ గీత అట్లాగే ఉంది. కోసిగి మనిషికి రాయచూరు పక్కనే, గుంటూరు ఎంతో దూరం. రాయచూరుకు పోతే అంతర్రాష్ట్ర వలస. గుంటూరుకు పోతే ఆ చట్టం దృష్టిలో వలసే కాదు.

ఆరోగ్యానికి వచ్చేసరికి ఇంకో చిక్కు. కడుపుతో ఉన్న మనిషి సుగ్గికి పోతే సొంతూళ్లో ఏఎన్ఎం రిజిస్టరులో ‘వలస’ అని పడుతుంది. పోయిన ఊళ్లో ఆమె పేరు ఏ రిజిస్టరులోనూ ఉండదు. బీపీ మాత్రలు, బిడ్డ టీకాలు, అంగన్‌వాడీ గుడ్డు అన్నీ ఆ రెండు ఊళ్ల మధ్య ఎక్కడో జారిపోతాయి. ఇది తీర్చలేని చిక్కు అనుకోనక్కర్లేదు. 2019 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ మధ్య ఎక్కడి కార్డుతో అక్కడే రేషన్ బియ్యం తీసుకునే వీలు కల్పించారు. తర్వాత అది దేశమంతా వచ్చింది. బియ్యం మనిషి వెంట పోగలిగినప్పుడు టీకా, మాత్ర పోలేవా?

నంద్యాల 2022 ఏప్రిల్ 4న జిల్లా అయింది. 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. ఎక్కడెక్కడి పిల్లలో వచ్చి ఇక్కడ డాక్టరు చదువు చదువుతున్నారు. వాళ్ల ముందుకు వచ్చే రోగుల్లో సగం మంది ఏదో ఒక చేను నుంచి వచ్చేవాళ్లే. 1700లో ఇటలీలో రామజ్జిని అనే వైద్యుడు పనివాళ్ల జబ్బుల మీద ఒక పుస్తకం రాశాడు. రోగిని అడగాల్సిన పాత ప్రశ్నలకు ఇంకొకటి కలపమన్నాడు: నువ్వు చేసే పని ఏమిటి? మూడు వందల ఏళ్లు దాటినా ఆ ప్రశ్న మన ఓపీ చీటీ మీద ఒక గడిగా కూడా కుదురుకోలేదు. పేరు, వయసు, ఊరు అడుగుతారు. ‘కూలి’ అంటే కూలి అని రాసుకుని వదిలేస్తారు.

కాబట్టి మీ ఇంట్లో మెడిసిన్ చదివే పిల్లలుంటే, నర్సింగు చదివే పిల్లలుంటే, ఆశా కార్యకర్తలుంటే నాలుగు ప్రశ్నలు చెప్పండి. ఏం పని చేస్తావమ్మా? చేలో మందు కొట్టి ఎన్ని రోజులైంది? ఎవరి దగ్గరన్నా అడ్వాన్సు తీసుకున్నావా? మళ్లీ సుగ్గికి ఎప్పుడు పోతావు? చివరి ప్రశ్నకు జవాబును బట్టి మాత్రలు పది రోజులకు ఇవ్వాలా, రెండు నెలలకు ఇవ్వాలా తెలుస్తుంది. మూడోదానికి జవాబు వింటే విశ్రాంతి తీసుకో అని చెప్పడం ఎంతవరకు పనికొస్తుందో తెలుస్తుంది.

కూలీలను పిలిపించుకునే రైతులు కూడా ఈ వారపత్రిక చదువుతారని నాకు తెలుసు. మందు కొట్టిన చేలోకి డబ్బా మీద రాసిన గడువు తీరకముందే ఎవరినీ దించకండి. మందు కలిపే పని ఆడవాళ్లకు, అందులోనూ కడుపుతో ఉన్నవాళ్లకు చెప్పకండి. చేతులు కడుక్కోవడానికి నీళ్లు, సబ్బు గట్టు మీద పెట్టండి. సుగ్గికి పోయే అక్కాచెల్లెళ్లు మాతా శిశు కార్డు, రేషన్ కార్డు, ఆధార్ నకళ్లు, వేసుకునే మాత్రల చీటీ ఒక కవరులో పెట్టుకుని బియ్యం మూటతోపాటు తీసుకుపోండి. పోయిన ఊళ్లో మొదటి వారమే అక్కడి ఆశా ఎవరో కనుక్కోండి. ఆమె రిజిస్టరులో మీ పేరు రాయించుకోండి. ఆ ఊరివాళ్లం కాదు కదా అని వెనకాడకండి. అక్కడి పంటకు మీ చేతులు కావాలి కదా, ఆ రిజిస్టరులో మీ పేరూ ఉండాలి.